కంటి మట్టం

పింకీ ఫోన్ చేసినప్పుడు నేను క్లాసులో ఒక మహానుభావుణ్ణి తిడుతున్నాను. ఆర్కిటెక్చర్ ఎంట్రన్సు రెండు నెలల్లో ఉంది. రైలు పట్టాలు గీయమంటే దూరం పోయేకొద్దీ రెండు పట్టాలూ విడిపోయేలా గీశాడు. "కలవాలిరా నాయనా, దూరాన ఒక చుక్క దగ్గర కలవాలి! నీ రైలు సగం లింగంపల్లికి, సగం శంకర్‌పల్లికి పోతుందా?" అని అరుస్తుంటే ఫోన్ మోగింది. పదకొండు రోజులుగా స్విచ్చాఫ్‌లో ఉన్న నంబర్ అది. గబుక్కున ఎత్తాను.

"టీచరమ్మా, నేను పింకీని. ఇంట్ల వెట్టి తాళమేస్తున్నరు. ఆదివారం పొద్దుగాల దుబాయి తీస్కపోతరంట. పోనంటే కొడుతున్నరు. అమ్మకు చెప్పుండ్రి. ఫొటో పంపిన, చూడుండ్రి, నేను..."

అంతే, కట్ అయింది. తిరిగి చేస్తే మళ్ళీ స్విచ్చాఫ్. అప్పుడు గురువారం మధ్యాహ్నం మూడున్నర.

నా పేరు హన్నా. చందానగర్‌లో బట్టల షాపు మీద రెండు గదుల్లో పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతాను. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో పని చేశాను. ఇంకా కట్టని బిల్డింగులు కట్టాక ఎలా కనిపిస్తాయో చేత్తో గీసిపెట్టడం నా ఉద్యోగం. కంప్యూటర్లు వచ్చి నన్ను ఇంటికి పంపించాయి. సీతాబాయి నాలుగేళ్ళుగా నా గదులు ఊడ్చి తుడుస్తుంది. పింకీ ఆమెకు ఒక్కతే కూతురు, పందొమ్మిదేళ్ళ పిల్ల. రాకేశ్ అని ఒక ఏజెంటు వచ్చి, పెద్దవాళ్ళింట్లో చంటిబిడ్డను చూసుకునే పని అని చెప్పి తీసుకుపోయాడు. పాస్‌పోర్టుకని తల్లీకూతుళ్ళ చేత కాగితాల మీద సంతకాలు కూడా పెట్టించుకున్నాడట. ఆ మాట నాకు ముందే చెప్పి ఉంటే వాణ్ణి మెట్ల మీంచి తోసేదాన్ని. ఇప్పుడు వాడి ఆఫీసు షట్టరు మూసి ఉంది, వాడి ఫోనూ మూగబోయింది.

సీతాబాయికి చెప్పినప్పుడు ఏడవలేదు. చేతిలో ఉన్న తడిగుడ్డను అలాగే పిండుతూ నిలబడింది. నీళ్ళన్నీ కారిపోయినా పిండుతూనే ఉంది. "దుబాయి పోతే ఇగ నా బిడ్డ నాకు దొర్కదు టీచరమ్మా," అంది. నిజమే కదా. ఏ ఇల్లో, ఎవరి ఇల్లో తెలియదు. విమానం ఎక్కాక ఎవర్ని అడగాలి?

పోలీస్ స్టేషన్‌కి పరిగెత్తాం. హెడ్ కానిస్టేబుల్ ఐలయ్య మంచివాడే, కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు, కంప్లయింటు రాసుకున్నాడు. మర్నాడు శుక్రవారం పొద్దున వెళితే తల గోక్కున్నాడు.

"మేడమ్, సిగ్నల్ తెల్లాపూర్ దిక్కు చూపిస్తున్నది. గాడ పదివేల ఫ్లాట్లుంటయ్. పిల్ల మేజరు, కాయితాల మీద సంతకం వెట్టింది. గిట్ల ఒక్క ఫొటో పట్టుకొని ఇంటింటికి పోయి తలుపు కొట్టుమంటే మా సారు నన్ను సస్పెండ్ చేస్తడు. ఫ్లాటు నంబర్ చెప్పుండ్రి, నేనే స్వయంగ వస్త."

"నంబరే తెలిస్తే నీ దగ్గరికి ఎందుకొస్తాను? నేనే వెళ్ళి తలుపు బద్దలు కొట్టనూ?" అన్నాను.

"మేడమ్, నా మీద ఒర్రితే నంబర్ దొరుకుతదా?"

ఫొటో వంట గది వెనక బట్టలు ఉతికే చిన్న బాల్కనీలోంచి తీసింది. అడుగు దూరంలో ఇనప కడ్డీలు. వాటి అవతల ఎదురుగా ఒక టవర్, ముక్కుసూటిగా మన వైపే చూస్తూ. మధ్యలో క్లబ్ హౌస్ కాబోలు, బోర్లించిన మూకుడు లాంటి కప్పు. కుడివైపు కాంపౌండు గోడ బయట ఒక సీసీ రోడ్డు, గీత గీసినట్టు నేరుగా దూరం పోతోంది. ఆ తర్వాత అంతా దుమ్మూ పొగా. నేను ఆ ఫొటోను గురువారం రాత్రంతా చూశాను, శుక్రవారం మధ్యాహ్నం వరకూ చూశాను. చూసి చూసి కళ్ళు మండుతున్నప్పుడు ఆ మూకుడు కప్పు ఎక్కడ చూశానో గుర్తొచ్చింది. చూడటమేమిటి, నా మొహం, దాన్ని గీసింది నేనే!

ఎనిమిదేళ్ళ కిందట ఆ గేటెడ్ కమ్యూనిటీ బ్రోచర్ కోసం గీశాను. పేరు చెప్పను, చెబితే లాయరు నోటీసు పంపే రకం వాళ్ళు. అటక మీంచి దాని ప్లాను చుట్ట దించాను. మా పని అలాగే ఉండేది: ఆఫీసుకు ప్లాను వస్తుంది, దాన్ని చూసి మేం బొమ్మ గీస్తాం. సైటుకు వెళ్ళేది లేదు. వెళితే అక్కడ బండలూ తుప్పలూ తప్ప ఏముంటాయి? బిల్డరు అడిగింది గీయాలి. ఆకాశం నీలంగా ఉండాలి, కరెంటు తీగలు ఉండకూడదు, రోడ్డు మీద ఒకే ఒక కారు పోవాలి, అదీ తెల్లది. అలాంటి బొమ్మలు ఎన్ని గీశానో లెక్క లేదు.

ఫొటోను పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి, ప్లానును నేల మీద పరిచి, నాలుగు మూలలా చెప్పులు పెట్టి కూర్చున్నాను. సీతాబాయి ఎదురుగా కూర్చుంది. ఏ టవరో తేల్చడం తేలికే అయింది. ఫొటోలో క్లబ్ హౌస్ కప్పు అంచూ ఎదురు టవర్ ఎడమ మూలా ఒకే నిలువు గీత మీద ఉన్నాయి. ప్లాను మీద ఆ రెండిటినీ కలిపి వెనక్కి పొడిగిస్తే గీత తిన్నగా వెళ్ళి సి టవర్ వెనక వైపు నాలుగో వరస ఫ్లాటుకు తగిలింది. ఇక తేలాల్సింది అంతస్తు.

"అంతస్తు ఎట్ల తెలుస్తది టీచరమ్మా? అన్ని ఒక్క తీరుగనే ఉన్నయ్ గద," అంది సీతాబాయి.

"కంటి మట్టంతో తెలుస్తుంది," అన్నాను. "నువ్వు ఎంత ఎత్తున నిలబడితే నీ కంటి మట్టం అంత ఎత్తున ఉంటుంది. పదో అంతస్తులో నిలబడి చూస్తే ఆ గీత ఎదురు బిల్డింగును పదో అంతస్తు దగ్గరే కోస్తుంది. టవర్లన్నీ ఒకే మట్టం మీద కట్టారు. కాబట్టి ఫొటోలో ఆ గీత ఎక్కడుందో పట్టుకుంటే చాలు."

"గది ఎట్ల వడ్తరు?"

"రోడ్డు చూడు. రెండంచులూ దూరం పోయేకొద్దీ దగ్గరవుతున్నాయా? స్కేలు పెట్టి రెండిటినీ పొడిగిస్తే ఒక చుక్క దగ్గర కలుస్తాయి. వానిషింగ్ పాయింట్ అంటాం. ఆ చుక్క మీదుగానే కంటి మట్టం పోతుంది."

స్కేలు పెట్టి గీశాను. రెండు గీతలూ కలిశాయి. ఫొటో నడిమి కంటే వేలి మందం కిందుగా కలిశాయి. అక్కడ ఒక్క క్షణం ఆగాను. ఫోన్‌ను నిటారుగా పట్టుకుని తీస్తే కంటి మట్టం ఫొటోకు సరిగ్గా నడిమిన రావాలి, కిందికి రాకూడదు. భయంతో తీసింది కదా, పిల్ల చెయ్యి వణికి ఫోన్ వెనక్కి వాలి ఉంటుందిలే అనుకున్నాను. ఆ మాట అనుకోవడానికి నాకు ఏ కష్టమూ కలగలేదు.

గీత ఎదురు టవర్‌ను పధ్నాలుగో అంతస్తు దగ్గర కోసింది. అంతస్తులు రెండుసార్లు లెక్కపెట్టాను. ఫ్లాటు నంబర్ పద్నాలుగు వందల నాలుగు.

సీతాబాయి నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. నాకు గర్వంగా అనిపించింది. ఇప్పుడు చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, నిజంగానే గర్వపడ్డాను. కంప్యూటర్లు నన్ను ఇంటికి పంపించాయి కదా, రండి, ఈ లెక్క చేసి చూపించండి అనుకున్నాను.

శనివారం పొద్దున పదింటికి ఐలయ్య యూనిఫాంలో వచ్చాడు. ముగ్గురం సి టవర్ పధ్నాలుగో అంతస్తుకు వెళ్ళి బెల్లు కొట్టాం. డెబ్బై ఏళ్ళు దాటిన పెద్దాయన తలుపు తీశాడు. చేతిలో పేపరు, మెడలో కళ్ళద్దాల తాడు. నేమ్ ప్లేటు మీద విశ్వేశ్వరరావు అని ఉంది. ఐలయ్య మర్యాదగా సంగతి చెప్పాడు. ఆయన మొహం ఎర్రబడింది.

"ఏంటయ్యా ఇది? ఈ ఇంట్లో నేనూ మా ఆవిడా తప్ప మూడో మనిషి లేరు. పనిపిల్లను బంధించడమేమిటి? నేను చీఫ్ ఇంజనీరుగా రిటైరయిన మనిషిని."

"చీఫ్ ఇంజనీరైతే ఇల్లు చూపించడానికి అడ్డమేంటండీ?" అన్నాను.

"అడ్డమేం లేదమ్మా. లోపలికి రండి, చూసుకోండి, చూసుకుని దయచేయండి."

దయచేయండి అన్న మాటకు నాకు ఒళ్ళు మండింది. "ఏమండీ, దయచేయండంటే? మేం చందాలకొచ్చామా? ఒక తల్లి బిడ్డ కోసం వస్తే మాట్లాడే తీరు ఇదేనా?" అని గుమ్మం దగ్గరే మొదలుపెట్టాను. ఆయనా ఊరుకోలేదు. ఆయన ఒకటంటే నేను నాలుగన్నాను. సీతాబాయి మా ఇద్దరి మధ్యనుంచి లోపలికి దూరి, గదులన్నీ వెతికి, వెనక బాల్కనీలోకి పోయి, కడ్డీలు పట్టుకుని "పింకీ! ఓ పింకీ!" అని గొంతు చించుకుని అరిచింది. పక్క స్థలంలో బండ పగలగొట్టే మిషన్ మోత తప్ప ఏమీ వినపడలేదు. నేను గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టనే లేదు. నా సంచిలో ఫొటో ఉంది. రెండు నిమిషాలు నోరు మూసుకుని ఆ బాల్కనీలో నిలబడి, ఫొటోను ఎదురు టవర్ పక్కన పెట్టి చూసి ఉంటే ఇది ఆ ఎత్తు కాదని నాకు అక్కడే తెలిసిపోయేది. నేను పోట్లాడుతూ ఉండిపోయాను.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. పెద్దాయన అసోసియేషన్‌కు ఫోన్ చేశాడు. సెక్యూరిటీ వాళ్ళు నలుగురొచ్చారు. ఐలయ్యకు పై సారు నుంచి ఫోన్ వచ్చింది. ఆయన ఆ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని పావుగంట సేపు "సార్, సార్" అన్నాడు. మా ఇద్దరినీ కింద ఆఫీసులో కూర్చోబెట్టి, ఇంకోసారి ఈ గేటు లోపలికి రామని కాగితం రాయించుకునేసరికి పన్నెండున్నర దాటింది.

"ఇగ నాతోని కాదు మేడమ్," అన్నాడు ఐలయ్య బండి స్టార్టు చేస్తూ. "మీ గీతలు నమ్ముకొని వస్తే నా ఇజ్జత్ పోయింది. సోమవారం రాండ్రి, సారుతోని మాట్లాడుదురు."

"సోమవారానికి పిల్ల దుబాయిలో ఉంటుంది కదయ్యా!"

ఆయన తల వంచుకుని వెళ్ళిపోయాడు. మేమిద్దరం రోడ్డు మీద మిగిలాం. ఎండ మాడ్చేస్తోంది. సీతాబాయి కాంపౌండు గోడ పక్కన, రోడ్డు వారగా, కాళ్ళు చాపుకుని కూలబడిపోయింది. "ఏసయ్యను అడుగు టీచరమ్మా, మా దేవుళ్ళందరిని నేను అడిగిన, ఎవ్వరు పలుకుతలేరు," అని అప్పుడు ఏడ్చింది. నాకు ప్రార్థన రాలేదు. ఎవరి మీద అరవాలో కూడా తోచలేదు. జీవితంలో అలా చేతకానిదాన్నై ఎప్పుడూ నిలబడలేదు.

నీళ్ళు తాగించబోతే ఆమె చెయ్యి తగిలి స్టీలు సీసా కింద పడింది. పడి ఆగలేదు, దొర్లింది. మెల్లగా మొదలై, తర్వాత వేగమందుకుని, ఖంగుఖంగున మోగుతూ రోడ్డు పొడుగునా దొర్లుకుంటూ పోయింది. నేను దాని వెనక నాలుగడుగులు వేశాను. నా మోకాళ్ళను ఎవరో ముందుకు తోసినట్టయింది. అక్కడ ఆగిపోయాను.

ఆ రోడ్డు వాలుగా ఉంది. ఫొటోలో ఉన్న రోడ్డు అదే. గోడ వెంబడి తిన్నగా, మెయిన్ రోడ్డు దాకా కిందికి దిగుతోంది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని, ఈ ఊళ్ళో నాలుగు గజాల నేల చదునుగా ఉండదని తెలియనిదాన్నా? కానీ ప్లానులో ఎత్తుపల్లాలు కనిపించవు. బ్రోచర్లలో రోడ్లన్నీ బల్లపరుపుగా గీసి గీసి, నేను గీసిన రోడ్డునే నిజం రోడ్డనుకున్నాను. చదును రోడ్డు అంచులు కంటి మట్టం మీద కలుస్తాయి. దిగుడు రోడ్డు అంచులు కంటి మట్టానికి కిందుగా కలుస్తాయి. మొదటి నెల పాఠం అది. ఆ పాఠం తప్పు చెప్పాడని రెండేళ్ళ కిందట ఒక పిల్లవాడి షీటు చించి పారేశాను.

అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుని ఫొటో తీశాను. చేతులు వణుకుతున్నాయి, నా చేతులు. కడ్డీల మధ్య ఖాళీని స్కేలుతో పైన కొలిచాను, కింద కొలిచాను. ఎడమ చివర, కుడి చివర మళ్ళీ కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు. ఫోన్ ముందుకో వెనక్కో వాలి ఉంటే కడ్డీలు ఒక వైపు దగ్గరకు రావాలి. రాలేదు. పిల్ల చెయ్యి వణకలేదు. కంటి మట్టం ఫొటోకు సరిగ్గా నడిమినే ఉంది. అక్కడ అడ్డంగీత గీస్తే ఎదురు టవర్‌ను పదిహేడో అంతస్తు దగ్గర కోసింది.

"సీతాబాయ్, లే! పదిహేడు!" అన్నాను.

ఐలయ్యకు ఫోన్ చేశాను. "నిన్న పద్నాలుగన్నరు, ఇయ్యాల పదిహేడంటున్నరు. రేపు ఇరవై అంటరు. నన్ను ఇడిసిపెట్టుండ్రి మేడమ్," అని పెట్టేశాడు. తప్పు పట్టలేను.

మెయిన్ గేటులోకి మమ్మల్ని రానివ్వరు. వెనక వైపు పనివాళ్ళ గేటు ఉంది. అక్కడ హౌస్ కీపింగ్ ఆడవాళ్ళు టీ తాగుతున్నారు. వాళ్ళలో నీలమ్మ అని ఒకామె సీతాబాయి మొహం చూసి దగ్గరకొచ్చింది. పొద్దున గొడవ ఆమెకు తెలుసు. అందరికీ తెలుసు.

"మీ లొల్లి వాట్సాప్ గ్రూపుల వెట్టిన్రంట గద," అంది. "ఎవల్నో పిల్లను దాచిన్రని ఇద్దరాడోళ్ళు తిరుగుతున్నరు, జాగ్రత్త అని. అగో, గప్పటికెల్లి సి టవర్ల ఎవలో సూట్‌కేసులు దింపుతున్నరు. సర్వీస్ లిఫ్టు మాకు దొరుకుతలేదు."

"ఏ అంతస్తు?" అన్నాను.

"గది నాకెర్క లేదమ్మా. లిఫ్టు కాడ పెట్టెలు చూసిన, అంతే."

మేం తట్టిన తప్పు తలుపు వాళ్ళను తొందరపెట్టింది. ఆదివారం దాకా ఆగరు, ఇవాళే పోతారు. పొద్దున కొట్టిన దెబ్బ నేరుగా పిల్ల మీదికే పోయింది. సీతాబాయి నీలమ్మ కాళ్ళు పట్టుకోబోయింది. నీలమ్మ ఆమెను లేపి, తన నీలం కోటు విప్పి తొడిగి, చేతికి బకెట్టు ఇచ్చింది. "జల్ది నడువు. నౌకరి పోతే పాయె," అంది.

నన్ను ఆ గేటు దగ్గర గార్డు గుర్తుపట్టి ఆపేశాడు. ఓంకార్ అని బాడ్జీ ఉంది, పాతికేళ్ళ కుర్రాడు. నేను బయటే ఉండి ఫోన్లో సీతాబాయిని వింటూ నిలబడ్డాను. లిఫ్టు చప్పుడు. అడుగులు. నీలమ్మ గుసగుస: "పదిహేడు వందల నాలుగు. గీ తలుపే, పనోళ్ళొచ్చే వంటింటి తలుపు." తర్వాత సీతాబాయి గొంతు, మెల్లగా, "పింకీ... బిడ్డా..."

ఏమీ లేదు.

"పింకీ, అమ్మను. నేను అమ్మనే."

ఏమీ లేదు. గడియారం చూశాను, రెండున్నర. సీతాబాయి ఫోన్లోకి వచ్చింది. "టీచరమ్మా, సప్పుడే లేదు. మల్ల తప్పాయెనా?" ఆ అడగడంలో కోపం కూడా లేదు. ఫొటో తెరిచి మళ్ళీ చూశాను. కడ్డీలు అలాగే నిటారుగా ఉన్నాయి. ప్రభువా, ఈ ఒక్కసారి అన్నాను.

"తప్పు కాలేదు. గట్టిగా పిలువు. ఎవరొస్తే రానీ, గట్టిగా పిలువు!"

ఆమె పిలిచింది. ఆ పిలుపు ఫోన్లోనే కాదు, పదిహేడంతస్తుల కింద నిలబడ్డ నాకు నేరుగా వినపడిందనిపించింది. అప్పుడు తలుపు మీద చప్పుడు. టక్, టక్. మళ్ళీ టక్. ఆ వెంటనే "అమ్మా" అని ఒక గొంతు, ఏడుపుతో పూడుకుపోయిన గొంతు. లోపల ఎవరో మగమనిషి అరిచాడు. ఏదో పడింది. పింకీ కేక పెట్టింది.

ఫోన్ స్పీకర్లో ఉంది. ఓంకార్ విన్నాడు. "మా అక్క గూడ ఇండ్లల్ల పని చేస్తది మేడమ్," అని తన ఫోన్ తీసి వంద నంబర్‌కు కొట్టాడు. నేను నా ఫోన్‌ను వాడి ఫోన్ పక్కన పెట్టి ఆ కేకలు అవతలివాళ్ళకు వినిపించాను. గేటు తనే తీశాడు. పోలీసు బండి రావడానికి పదిహేను నిమిషాలు పట్టింది. ఆ పదిహేను నిమిషాలూ సీతాబాయి ఆ తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. ముందు తలుపు దగ్గర నేనూ నీలమ్మా ఓంకారూ నిలబడ్డాం. ఆ ఇంటి భార్యాభర్తలు తలుపు కొంచెం తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నారు. నేను ఏమేం తిట్టానో నాకే గుర్తు లేదు.

పింకీని బయటకు తెచ్చినప్పుడు కుడిచేతికి తువ్వాలు చుట్టి ఉంది. తువ్వాలు నెత్తురుతో తడిసి ఉంది.

సాయంత్రం సర్కారు దవాఖానలో కట్టు కట్టారు. మూడు వేళ్ళు విరిగాయి. రెండు అతుక్కుంటాయి, ఒకటి మునుపటిలా వంగకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఏజెంటు కోసం వెతుకుతున్నారు, ఆ భార్యాభర్తలను స్టేషన్‌లో కూర్చోబెట్టారు. ఐలయ్య తలుపు దగ్గరిదాకా వచ్చి, లోపలికి రాకుండా, అరటిపళ్ళు కిటికీలో పెట్టి పోయాడు.

"వేళ్ళకు గిట్ల ఎట్లయిందిరా బిడ్డా?" అని సీతాబాయి అడిగింది.

"పొద్దుగాల నువ్వు పిలిసినవు గద," అంది పింకీ. "కిందికెల్లి ఇనవడ్డది. నేను గూడ ఒర్లిన. మిషన్ మోతల నీకు ఇనవడలే. కడ్డీలల్లకెల్లి చెయ్యి బయట వెట్టి ఊపుతుంటే ఆ ఇంటామె ఉరికొచ్చి నన్ను వంటింట్లకు గుంజి, చెయ్యి ఇంక తలుపు సందుల ఉండంగనే బాల్కనీ అద్దం తలుపు మూసింది. మల్ల తీసి మూసింది."

పదిన్నరకు విరిగిన వేళ్ళు. రెండున్నర దాకా తువ్వాలు చుట్టుకుని ఆ వంటింట్లోనే కూర్చుంది. తలుపు మీద ఆ టక్ టక్ ఎడమచేత్తో కొట్టింది.

సీతాబాయి లేచి వచ్చి నా కాళ్ళకు దండం పెట్టబోయింది. "నువ్వు గీసిన గీతలే నా బిడ్డను తెచ్చినయ్ టీచరమ్మా. దేవుడు పొద్దుగాల జర ఆల్చం చేసిండు, గంతే," అంది. దేవుడి మీదకు పోయింది నేరం. నేను నోరు మూసుకుంటే అక్కడే ఉండిపోయేది. ఆ ఫొటో, ఆ స్కేలు గీతలు ఈ లోకంలో ఇంకెవరికీ అర్థం కావు.

నేను చెప్పేశాను. నిలబడే చెప్పాను, కూర్చోవడానికి ధైర్యం చాలలేదు. "దేవుడు కాదు సీతాబాయ్, నేను. రోడ్డు వాలుగా ఉందని చూసుకోలేదు. లెక్క కుదరకపోతే తప్పు రోడ్డుదని అనుకోలేదు, నాదనీ అనుకోలేదు. పింకీ చెయ్యి వణికిందనుకున్నాను. సరిగ్గా చేసి ఉంటే పొద్దున పదిన్నరకే పదిహేడో అంతస్తు తలుపు కొట్టేవాళ్ళం."

సీతాబాయి వెళ్ళి మంచం అంచున కూర్చుంది. "అంటే, నేను పద్నాలుగుల పిలువకపోతే దీని చెయ్యి గిట్ల కాకపోవు," అంది. ప్రశ్న కాదు, తనకు తనే చెప్పుకుంది. తను పిలిచిన పిలుపే కూతురి వేళ్ళు విరగ్గొట్టిందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ సంగతి ఆమెకు తెలిసేలా చేసింది నేనే.

"నీ తప్పు కాదు..." అనబోయాను.

"నా చెయ్యి వణకలే టీచరమ్మా," అంది పింకీ మంచం మీంచి. నేను నమ్మనేమో అన్నట్టు మళ్ళీ చెప్పింది. "ఆమె స్నానానికి వోయినప్పుడు దొరికింది ఫోను. ఒక్కటే సారి ఛాన్సు. ఫొటో తీసేటప్పుడు ఊపిరి గూడ బిగవట్టిన."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేకపోయాను. సీతాబాయి నన్ను తిట్టలేదు, ఊరుకోబెట్టనూ లేదు. పింకీ నుదుటి మీద జుట్టు సర్దింది. కట్టు కట్టిన చేతిని రెండు చేతులతో ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది.

"మందు ఇచ్చిన్రు, పండుకోవాలె పిల్ల," అంది నా వైపు చూడకుండా. "మీరు ఇంటికి పోండ్రి."

నేను నా సంచి తీసుకుని బయటకు వచ్చాను.